ప్రమాణము చేయని మంత్రి: సర్ థామస్ మోరు

సంసారమునందుండి, కొలువు చేయుచు, నలుగురి తగవులు తీర్చుచు, మనస్సును మాత్రము భగవంతుని యొద్ద నిలుపుకొనుట కష్టసాధ్యమని పెద్దలు చెప్పుదురు. చదువు ముదిరిన కొలది భక్తి సన్నగిల్లుననియు, భక్తి ముదిరిన కొలది చదువుమీద విముఖత కలుగుననియు లోకమున నొక వాడుక గలదు. ఈ మాటలు అన్నియెడల నిజములు కావని తన జీవితముచేత చూపిన వారిలో ఇంగ్లండు దేశీయుడగు సర్ థామస్ మోరు ముఖ్యుడు. ఆయన నిష్ఠగల రోమను కాథలికు. గ్రీకు తత్త్వశాస్త్రమును ప్రాణపదముగా చదువుకొనినవాడు. భార్యాబిడ్డలతో నిండిన గృహమునకు యజమానుడు. రాజ్యమున రాజు తరువాత రాజంతటి అధికారమును వహించినవాడు. ఈ నాలుగింటిని ఒక్కచోట ఇముడ్చుకొని బ్రదికి, తుదకు ఒక్క ప్రమాణము చేయనొల్లక శిరస్సు నర్పించినవాడు.

బాల్యము, విద్య

మోరు 1478వ సంవత్సర ప్రాంతమున లండను నగరమునందు మిల్కు వీథిలో జన్మించెను. తండ్రి జాను మోరు న్యాయవాది. పిమ్మట న్యాయాధిపతి యయ్యెను. బాలుడు మొదట సెయింటు ఆంథొనీ పాఠశాలలో లాటిను భాష నేర్చెను. పండ్రెండేండ్ల ప్రాయమున ఆనాటి ఆచారము ననుసరించి కాంటర్బరీ ఆర్చిబిషప్పును, రాజ్యమునకు ఛాన్సలరును అయిన జాను మోర్టను గృహమున పరిచారకుడుగా చేరెను. పెద్దల యిండ్లలో వడ్డన చేయుచు, వారి సంభాషణములు వినుచు మర్యాద నేర్చుకొనుట ఆనాటి విద్యలో నొక భాగము. పండుగ దినములలో అచట నాటకము లాడునప్పుడు ఈ బాలుడు ముందుగా నేమియు వల్లించకయే నటకుల నడుమకు దూకి, అప్పటికప్పుడు ఒక పాత్రను కల్పించుకొని అందఱిని నవ్వించెడివాడట. ఈ కుఱ్ఱవాడు గొప్పవాడగునని మోర్టను తన యతిథులకు చూపి చెప్పెడివాడు.

మోర్టను ప్రోత్సాహమున 1492 ప్రాంతమున ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమునకు పోయి, రెండేండ్లు చదివెను. తండ్రి ఖర్చునకు మిక్కిలి తక్కువ సొమ్మునిచ్చెడివాడు. చేత డబ్బులేని కారణమున దుర్వ్యసనములకు తావు లేకపోయెనని పిమ్మట మోరే సంతోషముతో తలచుకొనెను. కుమారుడు సాహిత్యమున మునిగి జీవనోపాధిని మఱచునేమో యని తండ్రి భయపడి, ఆయనను లండనునకు రప్పించి ధర్మశాస్త్రము చదివించెను. 1496లో మోరు లింకన్సు ఇన్ అను న్యాయవిద్యాలయమున ప్రవేశించి, కొలది సంవత్సరములలో న్యాయవాది యయ్యెను.

మఠమా, గృహమా

న్యాయశాస్త్రము నేర్చుచున్న కాలముననే ఆయన మనస్సున ఒక పెద్ద సందేహము పుట్టెను. ప్రపంచమును విడిచి సన్న్యాసము స్వీకరింపవలెనా, లేక గృహస్థుడై యుండవలెనా యని. లండనులోని కార్థూసియను మఠవాసులు మౌనమునకును, కఠిన నియమములకును పేరుపడినవారు. మోరు వారి చెంత నాలుగేండ్లపాటు, వ్రతము పట్టకయే, వారి ప్రార్థనలలోను ఉపవాసములలోను పాల్గొనుచు నివసించెను. తుదకు తనకు వివాహజీవితమే తగునని నిశ్చయించుకొనెను. చెడ్డ సన్న్యాసి యగుటకంటె మంచి భర్త యగుట మేలని ఆయన తలచినట్లు మిత్రుడగు ఎరాస్మసు వ్రాసెను.

మఠమును విడిచినను మఠనియమమును మాత్రము విడువలేదు. పైకి మంత్రికి తగిన దుస్తులు ధరించుచు, లోపల ఒంటికి తగులునట్లు గరుకైన రోమవస్త్రమును జీవితాంతము ధరించెను. ఈ సంగతి పెద్ద కుమార్తె మార్గరెటునకు తప్ప ఇంచుమించు ఎవ్వరికిని తెలియదు. ఆ వస్త్రమును రహస్యముగా ఉదుకుచుండినది ఆమెయే. తమ తపస్సును వీథిలో చాటుకొను వారు లోకమున పెక్కుమంది గలరు. తపస్సును పట్టుబట్టల క్రింద దాచుకొనువాడు అరుదు.

1505 ప్రాంతమున జేను కోల్టు అను గ్రామీణ కుటుంబపు కన్యను వివాహమాడెను. మార్గరెటు, ఎలిజబెతు, సిసిలీ అను కుమార్తెలును, జాను అను కుమారుడును కలిగిరి. 1511లో జేను మరణించెను. చిన్నబిడ్డల పోషణకై మోరు ఆ సంవత్సరముననే ఆలిసు మిడిల్టను అను వితంతువును వివాహము చేసికొనెను. ఆమె మాట కటువు, చేయి పొదుపు, గృహనిర్వహణమున దిట్ట. ఆమె ఆ బిడ్డలను తన బిడ్డలవలె పెంచినదని ఆనాటివారందఱును ఒప్పుకొనిరి.

గ్రీకు విద్య

పదునైదవ శతాబ్దము చివర ఇంగ్లండులో గ్రీకు భాష తెలిసినవారిని వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. విలియము గ్రోసిను, థామస్ లినాకరు అను ఇరువురు పండితులు ఇటలీకి పోయి ఆ భాష నేర్చుకొని వచ్చిరి. వారియొద్ద మోరు గ్రీకు చదివెను. పగలెల్ల న్యాయస్థానపు పని, రాత్రులు ప్లేటో, అరిస్టాటిలుల గ్రంథములు. ఇరువది మూడు, ఇరువది నాలుగేండ్ల వయస్సుననే లండనులోని ఒక చర్చియందు సెయింటు ఆగస్టీను రచించిన దైవనగర గ్రంథముమీద ఉపన్యాసములిచ్చెను. ఆగస్టీను క్రైస్తవాచార్యులలో అగ్రగణ్యుడు. ప్లేటో మతస్థుల గ్రంథములు చదివియే దైవచింతనకు మరలినవాడు. కావున గ్రీకుల తత్త్వము, క్రీస్తు భక్తి అను రెండు దారులు ఎచట కలియునో మోరు తొలినాళ్ళలోనే ఎఱిగెను.

హాలండు దేశీయుడగు ఎరాస్మసు అను మహాపండితుడు 1499లో ఇంగ్లండునకు వచ్చినపుడు వారిరువురికి స్నేహము కలిగెను. ఇరువురును కలిసి లూషియను అను గ్రీకు హాస్యరచయిత గ్రంథములు కొన్నింటిని లాటినులోనికి పరివర్తించి 1506లో పారిసు నగరమున ప్రకటించిరి. డాంబికులను, కపటవేదాంతులను, మూఢవిశ్వాసములను నవ్వుచు తూలనాడుట లూషియను పద్ధతి. ఆ నవ్వు మోరు స్వభావమునకు సరిగా కుదిరెను. ఎరాస్మసు 1509లో మోరు గృహమున అతిథిగా నుండి వ్రాసిన మౌఢ్యస్తుతి యను గ్రంథమునకు లాటినులో పెట్టిన పేరు మోరు పేరును స్ఫురింపజేయును.

గ్రీకు చదువు క్రైస్తవులకు హానికరమని వాదించు వారు అప్పటికిని గలరు. 1518లో ఆక్సుఫర్డులో కొందఱు విద్యార్థులు తమకు ట్రోజనులని పేరు పెట్టుకొని గ్రీకు నేర్చువారిని వెక్కిరించుచుండిరి. ఒక మతబోధకుడు ప్రార్థనావేదికనుండియే ఆ విద్యను దూషించెను. అంతట మోరు విశ్వవిద్యాలయమునకు ఒక దీర్ఘలేఖ వ్రాసెను. క్రొత్త నిబంధన గ్రీకు భాషలోనిదే కదా, ప్రాచీన క్రైస్తవాచార్యులలో ఉత్తములనేకులు ఆ భాషలో వ్రాసిరి కదా, తత్త్వవిచారము పుట్టినది ఆ భాషలోనే కదా, ఆ తలుపు మూసినచో విద్యార్థికి మిగులునదేమి అని ఆయన వాదసారము. లౌకికవిద్య తనంతట మోక్షము నీయకపోవచ్చును గాని, మనస్సును ధర్మమునకు సిద్ధము చేయునని ఆయన దృఢముగా నమ్మెను.

యుటోపియా

1515లో రాజకార్యముమీద ఫ్లాండర్సు దేశమునకు దూతగా పోయినపుడు విరామకాలమున ఆరంభించి, ఇంటికి వచ్చి ముగించిన చిన్న గ్రంథము మోరు పేరును శాశ్వతము చేసెను. అది 1516లో లూవెను నగరమున అచ్చుపడిన యుటోపియా. ఆ పేరు గ్రీకు పదములతో కూర్చినది. ఎచటను లేని దేశమని దాని యర్థము. రాఫేలను నావికుడొకడు ఆ ద్వీపమును చూచివచ్చి వర్ణించినట్లు కథ. ఆ నావికుడు ద్వీపవాసులకు బహుమానముగా తీసికొనిపోయినవి గ్రీకు పుస్తకములు! వానిలో ప్లేటో, అరిస్టాటిలు, లూషియనులకు స్థానము గలదు.

ఆ దేశమున అందఱును దినమునకు ఆఱు గంటలు పనిచేయుదురు. సోమరియు లేడు, అతిశ్రమయు లేదు. సేద్యము అందఱును నేర్వవలసిన విద్య. మిగిలిన వేళ చదువుకొందురు. సొంత ఆస్తి యనునది లేదు. బంగారముతో మలమూత్ర పాత్రలును, బానిసల సంకెళ్ళును చేయుదురు. వివిధ మతములవారు కలహింపక కలిసియుందురు. అయినను ఆత్మ యమరమనియు, జగత్తును నడుపు దైవము గలదనియు అందఱును నమ్ముదురు. క్రీస్తు మతము తెలియనివారు సైతము కేవలము బుద్ధిబలముచేత ఇంత దూరము రాగలిగిరే, సర్వము తెలిసియు క్రైస్తవులగు మనము ఇట్లున్నామేమి యని పాఠకుడు తనలో తాను ప్రశ్నించుకొనునట్లు ఆ కథ నడచును.

గ్రంథపు మొదటి భాగమున ఇంగ్లండు దేశపు బాధలు గలవు. ఉన్నికి ధర పెరుగుటచే భూస్వాములు సాగుభూములకు కంచెలు వేసి గొఱ్ఱెలను మేపుచుండిరి. ఊళ్ళు పాడువడెను. సాధుజంతువులని పేరుపడిన గొఱ్ఱెలు మనుష్యులను మ్రింగుచున్నవని మోరు వ్రాసెను. భూమి పోయి దొంగతనమునకు దిగినవానిని ఉరితీయుట న్యాయమా, వానిని దొంగను చేసిన పరిస్థితులను దిద్దుట న్యాయమా యని ఆయన నిలదీసెను.

ఆ భాగమున మఱియొక చర్చయు గలదు. జ్ఞాని యగువాడు రాజుకొలువున చేరవలెనా, దూరముగా నుండవలెనా యని. నావికుడు చేరరాదనును. గ్రంథమున మోరు పేరుగల పాత్ర మఱియొక విధముగా చెప్పును. గాలిని మన యిష్టమువచ్చినట్లు త్రిప్పలేమని తుఫానులో ఓడను విడిచిపోరాదనియు, పూర్తిగా మంచి చేయజాలనపుడు చెడుగు తగ్గునట్లైన చేయవలెననియు దాని భావము. ఇది గ్రంథమునందలి మాట మాత్రము కాక, రచయిత జీవితసమస్యయు నయ్యెను. 1518 నాటికి మోరు ఎనిమిదవ హెన్రీ రాజు ఆలోచనసభలో చేరియుండెను.

చెల్సీ గృహము

1520 తరువాత మోరు లండనునకు వెలుపల థేమ్సు నదియొడ్డున చెల్సీ గ్రామమున ఇల్లు కట్టించుకొనెను. కుమార్తెలు, అల్లుండ్రు, మనుమలు, పెంపుడు బిడ్డలు, గురువులు, సేవకులు, అందఱును అక్కడనే. కోతి మొదలగు జంతువులును, రకరకముల పక్షులును ఆ యింట పెరుగుచుండెను. ఎరాస్మసు ఆ యింటిని ప్లేటో విద్యాపీఠముతో పోల్చి, అంతటితో తృప్తిచెందక, అది క్రైస్తవధర్మమునకు పాఠశాల యని వ్రాసెను.

ఆ కాలమున ఆడుబిడ్డలకు ఉన్నతవిద్య చెప్పించుట అరుదు. మోరు తన కుమార్తెలకు కుమారునితో సమానముగా లాటిను, గ్రీకు, తర్కము, తత్త్వము, గణితము, ఖగోళశాస్త్రము చెప్పించెను. విత్తనమును విత్తిన చేయి స్త్రీదా, పురుషునిదా యని పంట విచారింపదని ఆయన వాదన. చదువు గర్వమునకు కాక సద్గుణమునకు తోడుగా నుండవలెననియు, విద్య యెంత వచ్చినను ప్రశంసను కోరరాదనియు గురువులకు లేఖలు వ్రాసెను. మార్గరెటు ఇరువది యేండ్లు దాటక మునుపే ఎరాస్మసు రచించిన ప్రభుప్రార్థన వ్యాఖ్యానమును ఇంగ్లీషులోనికి పరివర్తించెను. అది అచ్చుపడెను. ఆమె లాటిను లేఖలను చూచి ఒక బిషప్పు అవి స్త్రీ వ్రాసినవని నమ్మజాలక ఆశ్చర్యపడెను.

దినచర్య యంతయు ఒక క్రమము ననుసరించి నడచెడిది. ఉదయసాయంకాలములందు కుటుంబమంతయు కలిసి ప్రార్థన. భోజనవేళ కుమార్తెలలో ఒకతె బైబిలునుండి కొంతభాగము చదువును, పిదప దానియర్థమును గూర్చి చర్చ, ఆమీదట హాస్యసంభాషణ. ఇంటికి కొంతదూరమున ఒక చిన్న కట్టడములో ప్రార్థనామందిరమును, గ్రంథాలయమును ఒక్కచోటనే కట్టించుకొనెను. శుక్రవారమంతయు అచట ధ్యానమునందును, పఠనమునందును గడపెడివాడు. దేవునికి ఒక గది, పుస్తకములకు ఒక ఊరు అని వేఱుచేయలేదు. చెల్సీ చర్చిలో సామాన్యులతో కలిసి పాటలు పాడెడివాడు. నార్ఫోకు డ్యూకు ఒకమారు అది చూచి, మంత్రి యిట్లు చర్చి గుమాస్తావలె నుండుట రాజునకు అవమానమని ఆక్షేపించగా, రాజునకును ప్రభువైన దేవుని కొలుచుటలో రాజునకు అవమానమెట్లగునని మోరు నవ్వి సమాధానము చెప్పెను.

1529 శరత్కాలమున ఆయన రాజుతో వుడ్‌స్టాకులో నున్నపుడు చెల్సీలోని ధాన్యపుకొట్లు కాలిపోయెనని కబురు వచ్చెను. ఇరుగుపొరుగువారి ధాన్యమును అందు దగ్ధమయ్యెను. మోరు భార్యకు వెంటనే లేఖ వ్రాసెను. పోయినదానికి దుఃఖింపక, ఇంటిల్లిపాదియు చర్చికి పోయి, దేవుడు ఇచ్చినదానికిని, తీసికొనినదానికిని, మిగిల్చినదానికిని కృతజ్ఞత తెలుపవలెననెను. పొరుగువారికి కలిగిన నష్టమెంతయో విచారించి తెలిసికొనవలెననియు, తన యింట జరిగిన ప్రమాదమువలన పేదవాడెవ్వడును నష్టపడరాదనియు, అందులకై తనకొక చెంచాయైనను మిగులకున్నను చింతలేదనియు తెలిపెను. పని తగ్గినదని పాలేండ్రను తొలగింపవలసి వచ్చినచో, వారికి వేఱొక ఆశ్రయము దొరకువఱకు పంపివేయరాదని హెచ్చరించెను. ప్లేటో గ్రంథములు చదివిన ఫలమును, సువార్త చదివిన ఫలమును ఆ లేఖయందు వేఱుచేసి చూపుట కష్టము.

న్యాయాధికారము

మోరు 1521లో సర్ బిరుదము పొందెను. 1523లో కామన్సు సభకు స్పీకరుగా ఎన్నికయై, సభ్యులు వెఱపులేక తమ యభిప్రాయములు చెప్పుకొను స్వేచ్ఛ నీయవలసినదని రాజునకు విన్నవించెను. 1529 అక్టోబరులో కార్డినలు వుల్సీ పదవిని కోల్పోగా, మోరు లార్డు ఛాన్సలరు అయ్యెను. అంతవఱకు ఆ పదవి ఇంచుమించుగా మతాధికారులకే చెల్లుచుండెను.

ఏండ్ల తరబడి పేరుకొనిపోయిన వ్యాజ్యములను ఆయన శ్రమించి పరిష్కరించెను. అల్లుడగు గైల్సు హెరను ఒక వ్యాజ్యమున మామగారి ప్రాపు నమ్ముకొని రాజీకి ఒప్పుకొనకుండ, మోరు ఆయనకు వ్యతిరేకముగనే తీర్పు చెప్పెను. తన తండ్రి ఒకప్రక్కను, సైతాను ఒకప్రక్కను నిలిచినను, న్యాయము సైతానువైపున నున్నచో తీర్పు సైతానునకే యని ఆయన చెప్పెడివాడు. తాను గెలిపించిన ఒక స్త్రీ క్రొత్త సంవత్సరపు కానుకగా చేతితొడుగులను, వానిలో 40 పౌనుల బంగారు నాణెములను పెట్టి తెచ్చినది. స్త్రీ యిచ్చిన కానుకను కాదనుట మర్యాద గాదని తొడుగులను పుచ్చుకొని, నాణెములను తిరిగి ఆమె చేతిలో పోసెను.

ఆ తండ్రియు అప్పటికి వృద్ధ న్యాయాధిపతియై వెస్టుమినిస్టరు భవనముననే పనిచేయుచుండెను. రాజ్యమునకెల్ల ప్రధానన్యాయాధికారి యగు కుమారుడు తన పీఠమున కూర్చుండుటకు ముందు, తండ్రి యున్న న్యాయస్థానమునకు పోయి, అందఱును చూచుచుండగా మోకరించి ఆశీర్వాదము పొందుచుండెను. జనకమహారాజును గూర్చి విన్న మన దేశస్థులకు ఇట్టి గృహస్థుని స్వభావము క్రొత్తగా తోపదు.

అయినను ఆయన చరిత్రలో ఒక నల్లని పుటయు గలదు. జర్మనీలో లూథరు లేవదీసిన మతోద్యమము ఇంగ్లండునకు ప్రాకినపుడు, మోరు దానిని క్రైస్తవలోకపు ఐక్యమునకు గొడ్డలిపెట్టుగా భావించెను. టిండేలు మున్నగువారికి వ్యతిరేకముగా కఠినమైన భాషలో గ్రంథములు వ్రాసెను. ఆయన ఛాన్సలరుగా నున్న కాలమున ఆఱుగురు మతభేదమను నేరముచే సజీవముగా దగ్ధులైరి. వారిలో కొందఱి విషయమున ఆయన స్వయముగా విచారణ జరిపెను. ఆనాటి చట్టమట్టిదని చెప్పవచ్చును. కాని తన యుటోపియాలో మతభేదమునకు చోటిచ్చిన చేయియే ఇది చేసినదని మఱువరాదు. ఇతరుల అంతరాత్మకు తాను ఈయని స్వేచ్ఛను కొలది సంవత్సరములలో తన యంతరాత్మకొఱకు కోరవలసిన దినము ఆయనకు వచ్చెను.

రాజు కోరిక

హెన్రీరాజు 1509లో కాథరీనును వివాహమాడెను. మగసంతానము నిలువలేదు. రాజు ఆ వివాహము చెల్లదని పోపుచేత చెప్పించుకొని ఆను బొలీనును వివాహము చేసికొనదలచెను. పోపు అంగీకరింపలేదు. అంతట రాజు ఇంగ్లండు చర్చికి తానే శిరస్సునని నిర్ణయించుకొనెను. 1532 మే 15వ తేదీన మతాధికారులు రాజునకు లోబడిరి. ఆ మఱునాడే మోరు పదవికి రాజీనామా యిచ్చెను.

పదవి పోగానే ఆదాయము ఏటికి ఇంచుమించు నూఱు పౌనులకు దిగిపోయెను. బిడ్డలను కూర్చుండబెట్టి, తాను విద్యార్థిగా నున్నపుడు తిన్న భోజనముతో ఆరంభించి మెట్టు మెట్టుగా పైకి వచ్చితిననియు, ఇక మెట్టు మెట్టుగా దిగుదమనియు, అదియు సాగనిచో జోలెలు పట్టుకొని పాడుచు బిచ్చమెత్తుదమనియు నవ్వుచు చెప్పెను. కట్టెలు కొనలేక చలికాలపు రాత్రులలో అడవి ఆకుల మోపును కాల్చి, ఆ వెచ్చదనముతో అందఱును పడుకొన పోవుచుండిరి. ఆయన వ్రాసిన మతగ్రంథములకు ప్రతిఫలముగా బిషప్పులు నాలుగువేల పౌనులకు తక్కువగాని మొత్తమును చందాగా కూర్చి తెచ్చిరి. ఆ సొమ్మును ముట్టలేదు. దేవునికొఱకు చేసిన పనికి కూలి తీసికొనుట ఆయనకు సమ్మతముకాదు.

ప్రమాణము

1534లో పార్లమెంటు వారసత్వపు చట్టమును చేసెను. ఆను బొలీనుకు పుట్టిన సంతతియే సింహాసనమునకు అర్హమని ప్రతివాడును ప్రమాణము చేయవలెను. ఏప్రిలు 13వ తేదీన మోరును లాంబెతు భవనమునకు పిలిచిరి. ఒకప్పుడు బాలుడై వడ్డన చేసిన భవనమే అది. ప్రమాణము చేసినవారి పేర్ల పట్టికను ఆయన ముందు పెట్టిరి. వారసత్వమును నిర్ణయించు అధికారము పార్లమెంటునకు గలదని మోరు ఒప్పుకొనెను. ఆ సంతతికి విధేయుడై ప్రమాణము చేయుటకును సిద్ధపడెను. కాని చూపిన ప్రమాణపత్రమున పోపు అధికారమును త్రోసివేయు భావమును ఇమిడియున్నందున దానిని చేయజాలననెను. కారణము చెప్పుమనగా చెప్పలేదు. చేసినవారిని నిందింపలేదు. తన మనస్సు మాత్రము ఒప్పలేదని ఊరకుండెను. నాలుగు దినములకు ఆయనను లండను కోటలో బంధించిరి.

కుటుంబమునందు మిగిలినవారు ప్రమాణము చేసిరి. మార్గరెటు సైతము, దైవధర్మమునకు విరుద్ధము కానంతవఱకు అను మాటను చేర్చి, ప్రమాణము చేసెను. తండ్రిని చూచుటకు అనుమతి పొంది, ఆయనను ఒప్పింపజూచెను. దేశములోని బిషప్పులందఱును, పండితులందఱును చేసినదానిని నీవొక్కడవే చేయకుండుట ఎట్లు అని ఆమె వాదము. ఆ సంభాషణమంతయు 1534 నాటి ఒక దీర్ఘలేఖయందు నిలిచియున్నది. దానిని చదివిన పండితులు ప్లేటో రచించిన క్రైటో అను సంభాషణమును స్మరించిరి. క్రీస్తునకు పూర్వము 399లో ఏథెన్సు చెఱసాలలో సోక్రటీసును మిత్రుడగు క్రైటో తప్పించుకొనిపొమ్మని బతిమాలెను. పదిమంది యేమందురో యని కాక, న్యాయమేమి చెప్పునో యని చూడవలెనని సోక్రటీసు కదలక కూర్చుండెను. ఇచట చెఱసాల లండనుది, బతిమాలినది కన్నకూతురు. సమాధానము మాత్రము అదియే.

మోరు ఆమెకు ఒక పంచాయతీదారుని కథ చెప్పెను. పండ్రెండుగురు కూడిన ఒక విచారణలో పదునొకండుగురు తమవాని పక్షమున ఒక్కటిగా నిలిచిరి. ఒక్క పేదవాడు మాత్రము అంగీకరింపలేదు. స్నేహధర్మమునకైనను తమతో కలిసిరమ్మని వారు కోరిరి. అంతట నాతడు, మీరు మీ మనస్సు చెప్పినట్లు నడచి స్వర్గమునకును, నేను నా మనస్సునకు విరుద్ధముగా నడచి నరకమునకును పోవునపుడు, స్నేహధర్మమునకై మీరును నాతో నరకమునకు వత్తురా యని అడిగెనట. తన ఆత్మను మఱియొకని వీపునకు కట్టివేయజాలనని మోరు నిర్ణయము.

భార్య ఆలిసు వచ్చి, చెల్సీలో ఇల్లు, తోట, గ్రంథాలయము, బిడ్డలు ఉండగా ఎలుకల నడుమ ఈ మురికిగదిలో నేల పడియుంటివని కోపముతో అడిగెను. ఈ గదియు స్వర్గమునకు మన యింటియంత సమీపముననే యున్నది కదా యని ఆయన చిఱునవ్వు నవ్వెను. అది ఆమెకు నచ్చలేదు. అయినను భర్తకును, సేవకునికిని భోజనపు ఖర్చు వారమునకు 15 షిల్లింగులు చెల్లించుటకై ఆమె తన దుస్తులను అమ్ముకొనెను. గొప్ప చదువు లేని ఆమె త్యాగము చదువుకొనినవారి త్యాగమునకు ఏమియు తీసిపోదు.

చెఱలోనే మోరు కష్టకాలమునందలి ఊఱటను గూర్చి ఒక సంభాషణగ్రంథమును, క్రీస్తు దుఃఖమును గూర్చి మఱియొక గ్రంథమును వ్రాసెను. రెండవదాని స్వహస్తపు ప్రతి స్పెయినులోని వాలెన్సియాలో 1963లో బయటపడినది. 1535 జూను 12వ తేదీన ఆయన పుస్తకములను, కాగితములను తీసికొనిపోయిరి. పిమ్మట బొగ్గుతో కుమార్తెకు లేఖలు వ్రాసెను. సరకు పోయినపుడు అంగడి మూయవలెను కదా యని గది కిటికీ తలుపులు మూసికొనెనని చెప్పుదురు.

విచారణ, మరణము

పుస్తకములు తీసికొనిపోవునపుడు వచ్చిన రిచర్డు రిచ్ అను న్యాయాధికారి, రాజు చర్చికి శిరస్సు కాడని మోరు తనతో అనెనని సాక్ష్యమిచ్చెను. అట్లనలేదని మోరు ప్రమాణపూర్వకముగా నిరాకరించెను. 1535 జూలై 1వ తేదీన వెస్టుమినిస్టరు భవనమున విచారణ జరిగెను. తండ్రియెదుట ప్రతిదినము మోకరించిన చోటది. కొలది నిమిషములలో దోషి యని తీర్పు వచ్చెను. అప్పుడు మాత్రమే ఆయన నోరు విప్పి, సమస్త క్రైస్తవలోకము అంగీకరించిన ధర్మమును ఒక్క దేశపు పార్లమెంటు మార్చజాలదని తన యభిప్రాయమును తెలిపెను. సెయింటు స్టీఫెనును చంపినవారి వస్త్రములకు కావలియున్న పౌలును, చచ్చిన స్టీఫెనును నేడు స్వర్గమున మిత్రులైనట్లు, తానును తన న్యాయమూర్తులును అచట సంతోషముగా కలిసికొందుమని ఆశించుచున్నానని పలికెను. తిరిగి కోటకు కొనిపోవుచుండగా మార్గరెటు భటులను త్రోసికొని పోయి తండ్రిని కౌగిలించుకొనెను. చూచువారికి కన్నీరు ఆగలేదు.

జూలై 6వ తేదీ ఉదయమున టవరు హిల్లుమీద శిరచ్ఛేదము జరిగెను. వధ్యవేదిక మెట్లు ఊగుచుండగా, ఎక్కుటకు సాయము చేయుడు, దిగుట సంగతి నేను చూచుకొందునని కోట యధికారితో పరిహాసమాడెను. రాజునకు మంచి సేవకుడననియు, అయినను దేవునికి ముందుగా సేవకుడననియు ప్రజలకు తెలిపి మరణించెను. లూషియను నేర్పిన నవ్వు, సోక్రటీసు నేర్పిన నిలుకడ, సువార్త నేర్పిన క్షమ ఆ యుదయమున ఒక్కచోట కనబడెను.

ఆయన శిరస్సును లండను వంతెనమీద గ్రుచ్చి నిలిపిరి. మార్గరెటు దానిని సంపాదించి భద్రపఱచెను. కాంటర్బరీలోని సెయింటు డన్‌స్టను చర్చియందు అది సమాధి చేయబడినది. కాథలికు చర్చి 1935లో ఆయనను పునీతుడని ప్రకటించెను. 2000వ సంవత్సరమున రాజకీయవేత్తలకు పాలకపునీతుడని ప్రకటించెను. రష్యా విప్లవానంతరము 1918లో మాస్కోలోని ఒక స్మారకస్తంభముమీద సమానత్వమును బోధించిన వారి పేర్లతో పాటు, యుటోపియా రచించినందున, మోరు పేరును చెక్కిరి. అది 2013 వఱకు నుండెను. పోపులును, పోపులను నమ్మనివారును ఒకే మనుష్యుని గౌరవించుట విశేషమే.

మోరువలె మంత్రులగువారు కొందఱే. వధ్యవేదిక ఎక్కువారు ఇంకను కొందఱే. కాని ఇతరుల ధాన్యము తన కొట్టులో కాలినపుడు లెక్క చూచి ఇచ్చుట, కానుకలోని నాణెములను తిరిగి పోయుట, అల్లునిమీద తీర్పు చెప్పుట, ఆడుబిడ్డచేత పుస్తకము పట్టించుట, పదిమంది అవుననినను మనస్సు కాదనినచో ఊరకుండుట, ఇవి ఏ గ్రామమునందైనను ప్రతిదినమును ఎదురగు సందర్భములే. గ్రంథాలయమున పుస్తకములు చదివినవాడు వానిని చదివెనో లేదో తెలియునది ఇట్టి సందర్భములయందే.